అయ్యగారు ఇచ్చిన ఉత్తరం

బయలుదేరే ముందు రోజు సాయంత్రం మా సంఘం అయ్యగారు, అంటే మా పాస్టర్ గారు, నన్ను పక్కకు పిలిచి ఒక కవరు చేతిలో పెట్టారు. "అక్కడ నువ్వు ఏ మందిరానికి వెళ్తే ఆ పాస్టర్ గారికి ఇవ్వమ్మా" అన్నారు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అయ్యగారి భార్య అమ్మగారు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. నాకప్పుడు 23 ఏళ్లు. ఉద్యోగం వచ్చిందన్న సంతోషం, ఊరు కాని ఊరు వెళ్తున్నానన్న టెన్షన్ రెండూ కలిసిపోయి, కవరు మీద ఏం రాసి ఉందో కూడా చూడలేదు. బైబిల్‌కి ఉన్న జిప్ కవర్ లోపలి జేబులో దాన్ని పెట్టుకున్నాను.

ఏడు నెలలు అది అక్కడే ఉండిపోయింది. ఆ ఏడు నెలల గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

మనవాళ్లు ఎవరినైనా దూరం పంపేటప్పుడు చేసే ప్రార్థనలో అబ్రాహాము పేరు రాకుండా ఉండదు. నా కోసం ఆ వారంలో ఎంతమంది ప్రార్థన చేశారో అంతమందీ ఆయన్ని తలచుకున్నారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకుండానే బయలుదేరినవాడు, విశ్వాసులకు తండ్రి. చిన్నప్పటి నుంచి వింటున్న మాటలే కాబట్టి ఆమేన్ అని ఊరుకున్నాను. రాత్రి బస్సులో నిద్ర పట్టక ఆదికాండం తెరిస్తే, ఎన్నిసార్లు చదివినా నా కంటపడని సంగతి ఒకటి కనబడింది. కనానుకు ప్రయాణం కట్టింది ముందు అబ్రాహాము కాదు, వాళ్ల నాన్న తెరహు. కల్దీయుల దేశంలోని ఊరు అనే పట్టణం నుంచి కుటుంబాన్ని వెంటబెట్టుకుని బయలుదేరి, మధ్యలో హారానులో ఆగిపోయాడు. అక్కడే కాపురం పెట్టాడు, అక్కడే చనిపోయాడు. కొడుకు హారాను నుంచి బయలుదేరేనాటికి అతనికి 75 ఏళ్లు. నాన్న ఎక్కడ ఆగాడో కొడుకు అక్కడి నుంచి నడిచాడన్నమాట.

మా నాన్న కూడా వయసులో ఉన్నప్పుడు దూరం వెళ్లి చదువుకోవాలనుకుని, ఇంటి పరిస్థితుల వల్ల ఆగిపోయిన మనిషి. ఆ సంగతి ఆయన ఎప్పుడూ పెద్దగా చెప్పుకోలేదు. బస్సు ఎక్కించేటప్పుడు మాత్రం నా పెట్టె ఎవరినీ పట్టుకోనివ్వలేదు. తనే మోసుకొచ్చి, తనే లోపల సర్ది, దిగి వెళ్లి కిటికీ కింద నిలబడ్డారు. ఆ చీకట్లో, ఫోన్ వెలుగులో ఆదికాండం 11వ అధ్యాయం చివరి వచనాలు చదువుతుంటే నాన్న చేతులే గుర్తొచ్చాయి.

అమ్మ సంగతి వేరు. అమ్మ నా బైబిల్‌లో 121వ కీర్తన పక్కన పెన్నుతో ఆ రోజు తేదీ వేసింది. తేదీ కింద ఏమీ రాయలేదు. కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 దాకా 15 కీర్తనలకు యాత్ర కీర్తనలని పేరు. యెరూషలేముకు ఎక్కి వెళ్లే యాత్రికులు దారిలో పాడుకునేవారంటారు. వాటిలో ఈ రెండోదే మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. "నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును" అని దాని చివరి వచనంలో ఉంటుంది. అంతవరకు నేను ఆ మాటలో పోక ఒక్కటే వింటూ వచ్చాను. రాక కూడా ఉందని అమ్మ వేసిన తేదీ చూశాక తట్టింది. అమ్మ ఆశ పెట్టుకున్నది దాని మీద.

"రెండేళ్లేగా అమ్మా, వచ్చేస్తాను" అని చెప్పి వెళ్లాను.

కొత్త నగరంలో నాకు దొరికిన గదికి ఒక్క కిటికీ ఉండేది. మంచం ఒకటి, గోడకు మేకులు రెండు. టేబుల్ లేదు. తెచ్చుకున్న పెద్ద పెట్టెనే నిలువుగా నిలబెట్టి దాని మీద పుస్తకాలు, ఫోన్, దువ్వెన పెట్టుకునేదాన్ని. బట్ట కావలసినప్పుడల్లా పైనున్నవన్నీ మంచం మీదకు తీసి, పెట్టె పడుకోబెట్టి, తెరిచి, మళ్లీ మూసి నిలబెట్టి, అన్నీ యథాస్థానంలో సర్దడం. రోజూ అదే పని. ఒక టేబుల్ కొనుక్కోవచ్చని తోచలేదా అంటే తోచింది. ఉండేది రెండేళ్లేగా అనుకునేదాన్ని.

మొదటి ఆదివారం పొద్దున్న ఆరింటికే మెలకువ వచ్చింది. ఇంట్లో అయితే ఆ వేళకు అమ్మ పాట మొదలయ్యేది. ఆ గదిలో ఏ చప్పుడూ లేదు. లేవాలా వద్దా అని ఆలోచిస్తూ పడుకున్నాను. మా సంఘంలో నేను ఫలానావారి అమ్మాయిని, క్వయర్‌లో రెండో వరుసలో ఎడమ నుంచి మూడోదాన్ని. ఒక్క ఆదివారం కనబడకపోతే సాయంత్రానికి ముగ్గురు ఫోన్ చేసేవారు. ఇక్కడ నేను మందిరానికి వెళ్లినా, వెళ్లకపోయినా అడిగేవాళ్లు లేరు. అసలు నేను క్రైస్తవురాలినని తెలిసినవాళ్లే ఆ నగరంలో ఒక్కరూ లేరు. ఆ ఆలోచన వచ్చినప్పుడు నాకు బాధ కలగాలి. కలగలేదు. తేలికగా అనిపించింది. ఏళ్లుగా భుజం మీద ఉన్నదేదో దించినట్టు. ఆ తేలికదనమే తర్వాత నన్ను చాలా భయపెట్టింది.

ఇల్లు వదిలి వెళ్లిన విశ్వాసుల పిల్లలకు నిజమైన పరీక్ష చెడు స్నేహాలని పెద్దలు చెబుతూ ఉంటారు. నాకు మాత్రం చెడు స్నేహాలు ఎదురు కాలేదు. ఎవరికీ నేను తెలియకపోవడమే నాకు ఎదురైన పరీక్ష. అంతవరకు నా విశ్వాసంలో నాది ఎంత, అమ్మ లేపడం ఎంత, అయ్యగారి పలకరింపు ఎంత, క్వయర్ ప్రాక్టీస్ ఎంత అని విడదీసి చూసుకునే అవసరం రాలేదు. అవన్నీ తీసేశాక మిగిలింది నాకు చాలా కొంచెంగా కనబడింది. ఆ కొంచెం మాత్రం ఉంది. రాత్రి దీపం ఆర్పాక, అలవాటు కొద్దీ అయినా సరే, "ప్రభువా" అనే మాట వచ్చేది. ఆ తర్వాత ఏం చెప్పాలో తెలిసేది కాదు. కొన్ని రాత్రులు ఆ ఒక్క మాటతోనే నిద్రపోయాను.

రెండో నెలలో ఒక మందిరానికి వెళ్లాను. మేడ మీద హాలు, మడతపెట్టే కుర్చీలు, నాకు రాని భాష. తలుపు పక్కనున్న చివరి కుర్చీలో కూర్చున్నాను. వాక్యం ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంతలో ఒక పాట ఎత్తుకున్నారు. మాటలు వాళ్లవి, రాగం మాత్రం మా సండే స్కూల్‌లో నేను నేర్చుకున్నదే. పెదవులు కదిపితే గొంతులోంచి ఏమొస్తుందోనని నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాను. ముగింపు ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకోగానే లేచి మెట్లు దిగి వచ్చేశాను. తర్వాత అదే అలవాటైంది. అందరూ కూర్చున్నాక వెళ్లడం, కళ్లు తెరవకముందే రావడం. ఎప్పుడైనా పక్క కుర్చీ ఆవిడ చూసి నవ్వితే తల ఊపి ఊరుకునేదాన్ని.

ఉత్తరం ఎందుకివ్వలేదని మీరు అడగవచ్చు. బైబిల్ జిప్ తీసిన ప్రతిసారీ అది వేలికి తగిలేది. ఇస్తే ఆ రోజు నుంచి వాళ్లకు నా పేరు తెలుస్తుంది, రాకపోతే అడుగుతారు, మళ్లీ ఎవరికో ఒకరికి చెందినదాన్ని అవుతాను. అలా చెందితే ఇక్కడే ఉండిపోతానేమో అన్న భయం కూడా లోపల ఎక్కడో ఉండేది.

ఆ రోజుల్లోనే రోమా పత్రిక, అంటే రోమాలోని విశ్వాసులకు అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరం, చివరి అధ్యాయం చదివాను. పేర్ల జాబితా అని ఎప్పుడూ దాటేసే అధ్యాయం అది. పౌలు అప్పటికి రోమాలో అడుగుపెట్టలేదు. అయినా అక్కడి వాళ్లను 20 మందికి పైగా పేరుపేరునా తలచుకుని వందనాలు చెబుతాడు. వాళ్లందరికంటే ముందు ఒక స్త్రీ గురించి రాస్తాడు. పేరు ఫీబే, ఊరు కెంక్రేయ, అక్కడి సంఘానికి పరిచారకురాలు. ఆమెను చేర్చుకోండి, ఆమెకు ఏది అవసరమైతే అందులో సాయం చేయండి, ఆమె అనేకులకు సాయం చేసింది, నాకు కూడా చేసింది అంటాడు. ఆ పత్రికను రోమాకు మోసుకెళ్లింది ఆమేనని చాలామంది పండితుల అభిప్రాయం. అంటే అంత పెద్ద పత్రిక చేతపట్టుకుని, తెలియని మహానగరంలో తెలియని గుమ్మం ముందు ఒంటరిగా నిలబడ్డ మనిషికి ఆ రెండు వచనాలే పరిచయం. ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి వెళ్లేవాళ్లకు ఉత్తరం రాసిచ్చే పద్ధతి అంత పాతది. మా అయ్యగారు నా చేతిలో పెట్టింది కూడా ఆ కోవలోదే. అది తెలిశాక కూడా ఇంకో రెండు నెలలు ఇవ్వలేదు.

ఆరో నెలలో జ్వరం పట్టుకుంది. నాలుగు రోజులు లేవలేకపోయాను. తగ్గాక ఒళ్లు కూడదీసుకునేసరికి రెండు ఆదివారాలు గడిచిపోయాయి. ఇంటికి చెప్పలేదు. ఫోన్‌లో గొంతు బొంగురుగా ఉందేమిటని అమ్మ అడిగితే ఇప్పుడే లేచానని చెప్పాను. అది మధ్యాహ్నం రెండు గంటలప్పుడు. అమ్మ నమ్మలేదు, నమ్మినట్టు ఊరుకుంది.

మూడో ఆదివారం వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. పక్క కుర్చీ ఆవిడ, డెబ్బై ఏళ్లుంటాయి, నా మోకాలి మీద చెయ్యి వేసి నిదానంగా, నాకు అర్థమయ్యే నాలుగు మాటలు ఏరుకుని మాట్లాడింది. రెండు వారాలు నువ్వు రాలేదు అంది. ఒంట్లో బాగాలేదన్నాను. నీ పేరు నాకు తెలియదు, ఇల్లెక్కడో తెలియదు, అందుకని ప్రార్థన కూడికలో "తలుపు దగ్గర కూర్చునే అమ్మాయి" కోసం ప్రార్థన చేయమని అడిగాను, అందరూ చేశారు అంది.

నా జ్వరం సంగతి మా ఇంట్లోవాళ్లకే తెలియని ఆ రోజుల్లో, పేరు కూడా తెలియని నా కోసం ఆ మేడ మీద హాల్లో పాతికమంది మోకాళ్లూనారు. ఇన్నేళ్ల తర్వాత ఈ వాక్యం రాయడానికి కూడా కాసేపు ఆగాల్సి వచ్చింది.

ఆ రోజు ముగింపు ప్రార్థనలో లేచి రాలేదు. కూడిక అయ్యాక జిప్ తీసి, అంచులు నలిగిపోయిన కవరు తీసుకెళ్లి పాస్టర్ గారి చేతికిచ్చాను. ఆయన విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి మళ్లీ నాకే ఇచ్చేశారు. ఉత్తరం తెలుగులో ఉంది. నువ్వే చదివి చెప్పు అన్నారు.

మా అయ్యగారికి వచ్చిన భాషలో ఆయన రాసిచ్చారు, అక్కడ ఎవరు చదువుతారన్నది ఆలోచించి ఉండరు. అలా నా గురించిన ఉత్తరం నేనే పైకి చదవాల్సి వచ్చింది. చుట్టూ ఏడెనిమిది మంది నిలబడ్డారు. గళ్ల కాగితం, నీలం సిరా, ఆదివారం బోర్డు మీద కీర్తన నంబర్లు రాసే ఆ గుండ్రటి అక్షరాలే. ప్రభువు నామంలో వందనాలు. ఈ బిడ్డ మా సంఘంలో పుట్టి పెరిగింది. అక్కడిదాకా మాట మాటకూ అర్థం చెబుతూ బాగానే చదివాను. తర్వాత ఇలా ఉంది. "ఈ బిడ్డ ఎక్కువ మాట్లాడదు. పాడుతుంది. ఎవరూ అడగకపోతే తనంతట తాను ముందుకు రాదు. దయచేసి అడగండి."

ఆ ముక్క నా నోట రాలేదు. తెలుగులో చదివేసి ఊరుకున్నాను. ఏమని రాశారు, ఏమని రాశారు అని ఆవిడ వదలకుండా అడిగింది. చివరికి, పాట పాడమని అడగాలట అని చెప్పాను. ఆవిడ వెంటనే కుర్చీ లాక్కుని కూర్చుని, అయితే అడుగుతున్నాను, పాడు అంది.

ఏడు నెలల తర్వాత పాడాను. తెలుగులోనే. రెండో చరణానికి గొంతు సర్దుకుంది. వాళ్లకు మాటలు తెలియవు, కానీ పల్లవి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు వాళ్ల భాషలో కలిశారు.

ఇంకో ఉత్తరం గురించి కూడా చెప్పాలి. ఆ సంఘంలో యౌవనస్థుల కూడికలో యిర్మీయా 29వ అధ్యాయం ధ్యానించాం. అందరికీ తెలిసిన 11వ వచనం ఆ అధ్యాయంలోదే, మా ఇంటి గోడ మీద కూడా ఉంది. అది ఒక ఉత్తరంలోని మాట అని మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు. క్రీస్తుపూర్వం 597లో యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. ఆ దారి ఎంత దూరమంటే, తర్వాత కాలంలో ఎజ్రా అటు నుంచి ఇటు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అంతా తిరిగి వచ్చేస్తారని చెబుతాడు. వినడానికి ఎంత హాయిగా ఉంటుందో ఆ మాట. యిర్మీయా 70 ఏళ్లంటాడు. ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని రాస్తాడు. వాళ్లను చెరపట్టిన పట్టణం కోసం.

రెండేళ్లు అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. నేను అమ్మకు చెప్పింది సరిగ్గా ఆ లెక్కే. ఆ వారం వెళ్లి ఒక టేబుల్ కొన్నాను. పెట్టె ఖాళీ చేసి మంచం కిందకు తోసేశాను. ఆ రాత్రి ఆ నగరం పేరు పెట్టి మొదటిసారి ప్రార్థన చేశాను.

చివరికి నాలుగేళ్లున్నాను. భాష వచ్చింది. ఉద్యోగం ఒకటి పోయింది, ఇంకోటి దొరికింది. వాటి గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు. కొత్తగా ఎవరైనా ఆ నగరానికి వస్తున్నారని తెలిస్తే మాత్రం బస్ స్టాండ్‌కు వెళ్లి నిలబడేదాన్ని. అపొస్తలుల కార్యముల చివరి రెండు అధ్యాయాల్లో, ఓడ పగిలి, అందులోని 276 మందిలో ఒకడిగా ప్రాణాలతో బయటపడి, మెలితే ద్వీపంలో మూడు నెలలుండి, చివరికి ఖైదీగా రోమాకు నడుస్తున్న పౌలును కలవడానికి అక్కడి సహోదరులు అప్పీయా సంతపేట దాకా వస్తారు. రోమాకు అది దాదాపు 65 కిలోమీటర్లు. తుపానులో పక్కవాళ్లందరికీ ధైర్యం చెప్పిన మనిషి, దారి మీద వాళ్లను చూశాక ధైర్యం తెచ్చుకున్నాడని రాసి ఉంది. ఎదురు వచ్చిన ఆ సహోదరుల్లో ఒక్కరి పేరూ అక్కడ లేదు.

మూడో ఏడు అమ్మ వచ్చి నా దగ్గర పది రోజులుంది. ఆదివారం ఆమెను తీసుకెళ్లి ఆ పెద్దావిడ పక్కన కూర్చోబెట్టాను. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆరాధన అయ్యేదాకా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే ఉన్నారు. ప్రార్థన సమయంలో ఇద్దరూ ఒకేసారి పైకి ప్రార్థన చేశారు, ఎవరి భాషలో వాళ్లు, నా పేరు మాత్రం రెండింట్లోనూ వినబడింది.

తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకుడు అగస్టీన్ తల్లి మోనికా గుర్తొచ్చింది నాకు. క్రీస్తుశకం 383లో కొడుకు ఆమెకు అబద్ధం చెప్పి, రాత్రికి రాత్రి కార్తేజ్ నుంచి ఓడెక్కి రోమ్‌కు వెళ్లిపోయాడు. ఒడ్డున ప్రార్థన మందిరంలో ఆమె ఏడుస్తూనే ఉండిపోయింది. తర్వాత సముద్రం దాటి కొడుకును వెతుక్కుంటూ వెళ్లింది, అతను బాప్తిస్మం తీసుకోవడం కళ్లారా చూసింది. సొంత ఊళ్లో భర్త పక్కనే తన సమాధి ఉండాలని ఎన్నో ఏళ్లుగా అనుకున్న ఆ మనిషి, 387లో తిరుగు ప్రయాణంలో ఓస్తియా రేవులో జబ్బుపడి, నన్నెక్కడ పాతిపెట్టినా ఫరవాలేదు, దేవునికి ఏ చోటూ దూరం కాదు అందట. అమ్మను బస్సెక్కించేటప్పుడు ఈ సంగతి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "రెండేళ్లన్నావు" అంది. కోపంగా కాదు. నా చున్నీ సర్దుతూ అంది.

కిందటేడు ఆ నగరం కూడా వదలాల్సి వచ్చింది. ఇంకా దూరం, ఇంకో భాష. వెళ్లే ముందు నేనే పాస్టర్ గారి దగ్గరికి వెళ్లి, ఉత్తరం కావాలండీ అని అడిగాను. ఆయన రాశారు. ఆ పెద్దావిడ పక్కనే కూర్చుని, ఇది రాయండి, అది రాయండి అని చెబుతూ ఉంది. నన్ను గది బయట నిలబెట్టారు. కవరు అంటించి ఇచ్చారు.

ఈసారి మొదటి ఆదివారమే ఇచ్చేశాను, ఇంకా కూర్చోకముందే. అక్కడి పాస్టర్ గారు విప్పి చూసి, ఆ లిపి తెలియక, మీరే చదువుతారా అన్నారు. చదువుతూ అర్థం చెప్పడం మొదలుపెట్టాను. మూడో లైన్ దగ్గర ఆగాల్సి వచ్చింది. పాటల పుస్తకాలు పంచుతున్న ఒకావిడ చేతిలో పుస్తకాలతోనే నా దగ్గరికి వచ్చి నిలబడి, "తర్వాత?" అని అడిగింది.